అమ్మ ప్రోగ్రాములు డిస్కులోకి చేరాయి: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

మా అమ్మ స్కూల్లో పనిచేసే రోజుల్లో బీబీసీ మైక్రో కంప్యూటర్ మీద రాసి, క్యాసెట్లలో దాచుకున్న పాఠాల ప్రోగ్రాములు ఇప్పుడు ఫ్లాపీ డిస్కు నుంచి నడుస్తున్నాయి. అదే మిషన్ మీద, ఆవిడ రాసినవి రాసినట్టే. బెంగళూరులో నాకు అంతకుముందు ముఖపరిచయం కూడా లేని ముగ్గురు ఈ పని చేసిపెట్టారు. థ్యాంక్స్ చెప్పబోతే "దీనికి థ్యాంక్స్ ఏంటండీ" అని ముగ్గురూ ఒకే మాట అన్నారు. పేర్లు రాయొద్దన్నారు, రాయను. వాళ్లు చేసింది మాత్రం రాయకుండా ఉండలేను. "క్యాసెట్‌లో ఉన్నది డిస్కులోకి కాపీ కొట్టడమేగా" అని మా ఇంట్లోవాళ్లే అన్నారు. అది కాదు ఈ పని.

ముందు ఈ మిషన్ గురించి కొంచెం. బీబీసీ మైక్రో 1981 చివర్లో వచ్చింది, తయారు చేసింది ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌కు చెందిన యాకార్న్ కంపెనీ. మన దేశంలో 1984లో బళ్లలో కంప్యూటర్ నేర్పడానికి మొదలైన క్లాస్ ప్రాజెక్టు ద్వారా కొన్ని బళ్లకు వచ్చింది. అమ్మ గుంటూరు జిల్లాలో లెక్కల టీచర్. ట్రైనింగ్‌కి పంపితే వెళ్లొచ్చి, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, పిల్లలకి పాఠాలు తనే రాయడం మొదలుపెట్టింది. తర్వాతెప్పుడో స్కూలు ఆ సామానంతా వేలం వేస్తే ఒక సెట్టు పాడుకుంది. బెంగళూరు వచ్చేటప్పుడు కంప్యూటరు, టేప్ రికార్డరు, బిస్కెట్ డబ్బాలో క్యాసెట్లు మాతోపాటే వచ్చాయి. డిస్కు డ్రైవు ఆ సెట్టుకి ఎప్పుడూ లేదు.

ఆ క్యాసెట్లలో అన్నిటికంటే అమ్మకి ఇష్టమైనది అచ్చుల పాఠం. బీబీసీ మైక్రోలో మనం సొంతంగా అక్షరాలు గీసుకోవచ్చు. ఒక్కో అక్షరానికి అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కలు. వరుసలో ఏ చుక్కలు వెలగాలో చూసి 128, 64, 32, 16, 8, 4, 2, 1 లెక్కన కూడితే ఒక అంకె వస్తుంది. అలాంటి అంకెలు ఎనిమిది ఇస్తే ఒక అక్షరం. మామూలుగా అలాంటి గళ్లు 32 మాత్రమే దొరుకుతాయి. తెలుగు అక్షరం ఒక గడిలో ఇమడదు. అమ్మ ఒక్కో అచ్చుకి పక్కపక్కన రెండు గళ్లు కేటాయించింది. అ నుంచి అః దాకా పదహారు అచ్చులు, పదహారు రెళ్లు ముప్పైరెండు. ఒక్క గడి మిగల్లేదు, ఒక్క గడి చాలకపోలేదు. గ్రాఫ్ కాగితాల మీద పెన్సిల్‌తో గీసిన ఆ అక్షరాలు ఇంకా మా దగ్గరున్నాయి. ఋ తోకని ఎక్కడ కత్తిరించాలా అని చెరిపి చెరిపి కాగితం అరిగిపోయింది.

ఇక సాయం సంగతి. మొదట ఫోన్ ఎత్తినవారు మల్లేశ్వరంలో ఉండే ఒక పెద్దాయన. అనంతపురం వైపు వారు, రిటైర్డ్ ఇంజనీరు. ఆయన అన్న మొదటి మాట "ప్లగ్ పెట్టకండమ్మా" అని. ఈ మిషన్ల పవర్ సప్లైలో మెయిన్స్ ఫిల్టర్ కెపాసిటర్లు పాతబడి పగుళ్లిస్తాయట. ఏళ్ల తర్వాత స్విచ్ వేస్తే కాసేపు బాగానే పనిచేసి, ఉన్నట్టుండి పేలి గదంతా పొగ కమ్మేస్తుందట. ఆయనే ఇంటికొచ్చి మూత విప్పారు. కెపాసిటర్ పైపూత మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు నాకు చూపించి, కొత్తవి వేశారు. ఆ తర్వాతే స్విచ్ వేయనిచ్చారు. స్క్రీన్ మీద "బీబీసీ కంప్యూటర్ 32కె" అని వచ్చేసరికి అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

టేప్ రికార్డర్ సంగతి ఎస్పీ రోడ్డులోని ఒక చిన్న దుకాణదారు చూసుకున్నారు. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడతారు. బెల్టు కరిగి తారులా అంటుకుపోయి ఉంటే స్పిరిట్‌తో తుడిచి కొత్తది వేశారు. హెడ్డు శుభ్రం చేశారు. అచ్చుల క్యాసెట్ చేతిలోకి తీసుకుని లోపలికి చూసి "మేడమ్, దీని ప్యాడ్ ఊడిపోయింది" అన్నారు. టేపుని హెడ్డుకి ఆనించి ఉంచే చిన్న ఫెల్టు ముక్క అది, వెనక రాగి రేకు స్ప్రింగు ఉంటుంది. జిగురు ఎండి రాలిపోయింది. అది లేకపోతే టేపు తిరుగుతుంది కానీ సౌండు నిలకడగా రాదు. ఆయన ఇంకో క్యాసెట్ తీసి, రెండిటికీ ఐదేసి స్క్రూలు విప్పి, అమ్మ టేపుని చుట్టలతో సహా ఎత్తి ప్యాడ్ బాగున్న ఆ రెండో క్యాసెట్ పెట్టెలో కూర్చోబెట్టారు. వేలికి టేపు తగలకుండా ఆ చుట్టల్ని ఎత్తిన తీరు చూసి తీరాల్సిందే. దుకాణంలో బేరాలు ఆగిపోతున్నా తొందరపడలేదు. బెల్టు ఖరీదు తప్ప రూపాయి పుచ్చుకోలేదు.

ఇందిరానగర్ నుంచి వచ్చిన అమ్మాయి లేకపోతే మిగతా పని జరిగేది కాదు. పాతికేళ్లు దాటి ఉండవు. తను పుట్టకముందే ఆగిపోయిన కంప్యూటర్లంటే ప్రాణం. ఆమె పెట్టిన మొదటి షరతు: కంప్యూటర్‌లోకి లోడ్ చేసే ముందు ప్రతి క్యాసెట్టునీ రెండు వైపులా ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేయాలి. ఎంపీత్రీ కాదు, శబ్దాన్ని కుదించని వేవ్ ఫైలే. డాల్బీ ఆఫ్. శబ్దం శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్లేవీ ముట్టుకోకూడదు. ఆ కీచుమనే శబ్దంలోనే అంతా ఉంది: 1 అనే బిట్టుకి 2400 హెర్ట్‌జ్ దగ్గర రెండు తరంగాలు, 0కి 1200 హెర్ట్‌జ్ దగ్గర ఒక తరంగం. మనకి గోలలా వినిపించేది తీసేస్తే సరుకూ పోతుంది. టేపు మళ్లీ ఆడుతుందన్న గ్యారంటీ లేదు కాబట్టి మొదటిసారి వచ్చిన శబ్దమే అసలు ప్రతి అనుకోవాలి అంది. పాత క్యాసెట్లు ఇంట్లో ఉన్నవాళ్లు ఈ ఒక్క మాటైనా గుర్తుపెట్టుకోండి.

హెడ్డు పక్కనున్న, దాని కోణం మార్చే చిన్న స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ, శబ్దం ఎక్కడ స్పష్టంగా పదునుగా వస్తుందో చెవితోనే పట్టుకుంది. అమ్మ టేపులు వేర్వేరు రికార్డర్ల మీద చేసినవి, ఒక్కోదానికి ఒక్కో కోణం. ప్రోగ్రాము టేపు మీద 256 బైట్ల బ్లాకులుగా ఉంటుంది, ప్రతి బ్లాకుకీ సరిచూసే అంకె ఉంటుంది. బ్లాకు చెడితే మిషనే ఆగి "డేటా?" అని అడిగి, టేపు వెనక్కి తిప్పమంటుంది. కాస్త వెనక్కి తిప్పితే ఆ బ్లాకు నుంచే మళ్లీ చదువుతుంది. గుణింతాల పాఠం ఒకే చోట పదేపదే ఆగుతుంటే నాకు టెన్షన్. ఆ అమ్మాయి మాత్రం స్క్రూ తిప్పడం, వాల్యూం సరిచేయడం, వెనక్కి తిప్పడం, అంతే. విసుగన్నది మొహంలో కనపడలేదు. చివరికి ఆ బ్లాకూ ఎక్కింది.

డిస్కుకి కావలసిన కంట్రోలర్ బోర్డు, డీఎఫ్‌ఎస్ అనే డిస్కు నడిపే ప్రోగ్రాము ఉన్న రోమ్ చిప్పు, అయిదుంపావు అంగుళాల డ్రైవు మల్లేశ్వరం పెద్దాయన తన సొంత సామానులోంచి ఇచ్చారు. "మా ఇంట్లో ఉంటే దుమ్ము తింటాయి, టీచర్ గారి దగ్గరుంటే పాఠాలు చెప్తాయి" అన్నారు.

చిన్న ప్రోగ్రాములు వెంటనే వెళ్లిపోయాయి. టేపు మీద పేరుకి పది అక్షరాలు పెట్టుకోవచ్చు, డిస్కు మీద ఏడే. ఏది ఎలా కుదించాలో అమ్మే దగ్గర కూర్చుని చెప్పింది. ఒక దాని తర్వాత ఒకటి నడిచే పాఠాల్లో "తర్వాత ఏది వస్తే అది లోడ్ చెయ్" అన్న వరుస ఉంటుంది. క్యాసెట్టుకి అది చాలు. డిస్కుకి తర్వాత అన్నదే లేదు కాబట్టి అక్కడ పేరు చెప్పాలి. ఆ వరుసలు మార్చిన ప్రతిచోటా, మార్చింది తనని, పాత వరుస ఇదని రెమార్కు (మిషన్ పట్టించుకోని, చదివేవాళ్ల కోసం రాసే గమనిక) రాసి పెట్టింది ఆ అమ్మాయి.

అచ్చుల పాఠం దగ్గరే చిక్కొచ్చింది. డిస్కులోకి చక్కగా ఎక్కింది, రన్ అనగానే "బ్యాడ్ మోడ్" అంటూ ఆగిపోయింది. కారణం మెమరీ. క్యాసెట్టుతో పనిచేసేటప్పుడు ప్రోగ్రాము 3584వ బైటు నుంచి మొదలవుతుంది. డిస్కు పెట్టగానే డీఎఫ్‌ఎస్ తన అవసరాలకి కొంత జాగా తీసుకుని, ప్రోగ్రాముని 6400 దగ్గరికి జరుపుతుంది. అంటే 2816 బైట్లు తగ్గినట్టు. ఈ పాఠం నడిచే మోడ్ 4 అనే స్క్రీన్ పద్ధతిలో 22528 నుంచి పైదంతా స్క్రీన్‌కి పోతుంది. అమ్మ ప్రోగ్రాము పదిహేడు వేల బైట్ల పైమాటే. 3584 నుంచి మొదలైతే సరిపోతుంది, 6400 నుంచి మొదలైతే స్క్రీన్‌లోకి చొచ్చుకుపోతుంది.

సలహా అడిగితే చాలామంది చెప్పింది ఒకటే: రెమార్కులు తీసెయ్యండి, ఖాళీలు తీసెయ్యండి, పడుతుంది. నిజమే, పట్టేది. కానీ ఆ రెమార్కులేంటో చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులో రాసుకుంది అమ్మ. "ఇక్కడ తప్పు కొడితే మోత వద్దు, పిల్లలు బెదురుతారు." "ఎ, ఏ కలిపి చూపించాలి, విడిగా చూపిస్తే తేడా పట్టుకోలేరు." "వెనక బెంచీ వాళ్లకి కనపడట్లేదు, అక్షరం చుట్టూ జాగా వదులు." ఇందిరానగర్ అమ్మాయి అవి చదివి కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది. "టీచర్ గారూ, వీటిలో ఒక్కటి కూడా నేను తీయను" అంది. ప్రోగ్రాం నడవడం ఎంత ముఖ్యమో ఆ వరుసలు ఉండడం అంత ముఖ్యమని ఆవిడ పట్టుదల. ఆ మాటకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

తను చేసింది ఇది. ప్రోగ్రాముని డిస్కు నుంచి మామూలుగా 6400 దగ్గరే, మోడ్ 7లో ఎక్కించాలి. ఆ మోడ్‌లో స్క్రీన్‌కి ఒక్క కిలోబైటే పోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఆ తర్వాత స్టార్ టేప్ అని చెప్పి డిస్కుని పక్కన పెట్టాలి. ఇప్పుడు డీఎఫ్‌ఎస్ జాగాతో పని లేదు. ఒక ఫర్ లూపు పెట్టి మొత్తం ప్రోగ్రాముని నాలుగేసి బైట్ల చొప్పున 3584కి దించాలి, ప్రోగ్రాము ఎక్కడ మొదలవుతుందో చెప్పే పేజ్ అనే అంకెని అక్కడికి మార్చాలి, తర్వాత ఓల్డ్, రన్ అనే ఆదేశాలివ్వాలి. కదిలే ప్రోగ్రాము లోపలే ఈ ఆదేశాలు ఉండకూడదు కాబట్టి వాటిని ఎఫ్0 ఫంక్షన్ కీలో దాచి, ఆ కీ నొక్కినట్టు మిషన్‌ని నమ్మించే ఎఫ్‌ఎక్స్ 138 ఆదేశం డిస్కులో మొదట నడిచే బూట్ ఫైల్లో పెట్టింది. ఆ రోజుల్లో బీబీసీ మైక్రో వాడినవాళ్లందరికీ తెలిసిన కిటుకేనట ఇది. మాకు తెలియదు కదా. షిఫ్ట్ పట్టుకుని బ్రేక్ నొక్కితే ఇప్పుడు అంతా దానంతటదే జరుగుతుంది. అమ్మ ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారలేదు. క్యాసెట్టుతో మూడు నిమిషాలు దాటి పట్టేది, ఇప్పుడు కొన్ని సెకన్లు.

ఎమ్యులేటర్లో, అంటే పాత మిషన్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్లో నడిపితే సరిపోయేది కదా అని కొందరు అడిగారు. అది కూడా చేశాం, రికార్డింగుల నుంచి ఎమ్యులేటర్ చదవగలిగే యూఈఎఫ్ ఫైళ్లు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టాం. అయితే డెబ్బై ఎనిమిదేళ్ల అమ్మకి తన వేళ్లకి అలవాటైన కీబోర్డు మీద, అదే మిషన్ మీద పాఠం తెరుచుకోవడం వేరు. ఆ తేడా ఆ ముగ్గురికీ మేం చెప్పక్కర్లేకుండానే అర్థమైంది.

పాఠం తెర మీదికి రాగానే అమ్మ సంతోషంతో పాటు పని కూడా మొదలుపెట్టింది. "ఆ ౠ బాగోలేదమ్మా, అప్పుడే అనుకున్నాను" అని గ్రాఫ్ కాగితం అడిగింది. మార్చి సేవ్ చేయడానికి టేపు తిప్పుకుంటూ కూర్చోనక్కర్లేదు కాబట్టి రోజూ సాయంత్రం కొత్త అంకెలు కొట్టి చూస్తోంది. పాతది పాత పేరుతోనే ఉంటుంది, కొత్తది వేరే పేరుతో.

మల్లేశ్వరం పెద్దాయనకి, ఎస్పీ రోడ్డు అన్నగారికి, ఇందిరానగర్ అమ్మాయికి మా అమ్మ తరఫున, నా తరఫున చేతులెత్తి నమస్కారాలు. పండక్కి ముగ్గురూ మా ఇంటికి భోజనానికి రావాల్సిందే, ఈసారి తప్పించుకోవడానికి వీల్లేదు.

డబ్బాలో ఇంకా కొన్ని క్యాసెట్లు మిగిలాయి. వాటిలో రెండు ఆ రోజుల్లో అమ్మతోపాటు ట్రైనింగ్ తీసుకున్న టీచర్లు ఇచ్చినవని చెప్తోంది, ఎవరివో అట్టల మీద రాసి లేదు. క్లాస్ ప్రాజెక్టు రోజుల్లో ఆంధ్రా బళ్లలో బీబీసీ మైక్రో మీద తెలుగు పాఠాలు రాసినవాళ్లు గానీ, వాళ్ల పిల్లలు గానీ ఇది చదివితే దయచేసి నాకు మెసేజ్ పెట్టండి. మీ ఇళ్లలో క్యాసెట్లుంటే ప్లే చేసి చూడకండి, ముందు నాకు చెప్పండి. బెల్టు మార్చిన రికార్డరు, డిస్కు డ్రైవు మా ఇంట్లో సిద్ధంగా ఉన్నాయి.