ముసురును కూడా విపత్తుగా లెక్కించండి

సంపాదకులకు నమస్కారం.

2023 జులై చివర్లో మా ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకు పదేళ్ల ముందు, 2013లో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లే అప్పటిదాకా తెలంగాణలో పెద్ద లెక్క. పక్క భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగింది. మా జిల్లా కొండాయిలో జంపన్నవాగు మనుషుల్నే మింగింది. పత్రికలు రాశాయి, మంత్రులు వచ్చారు, హెలికాప్టర్లు తిరిగాయి. అంత పెద్ద వాన పడితే అందరి కళ్లూ ఇటు తిరుగుతాయి, తిరగాలి కూడా. కానీ ఏ రికార్డుకూ ఎక్కకుండా వారం, పది రోజులు విడవకుండా పట్టే ముసురు మమ్మల్ని ఇంకో రకంగా ముంచుతోంది. దాన్ని లెక్కపెట్టే నాథుడే లేడు.

వాతావరణ శాఖ కొలత ప్రకారం 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితేనే భారీ వర్షం. అంతకు తక్కువ పడితే హెచ్చరిక ఉండదు, అధికారుల హడావుడి ఉండదు. రోజుకు 20 మిల్లీమీటర్ల చొప్పున పది రోజులు కురిసిందనుకోండి. మొత్తం 200 మిల్లీమీటర్లు. అందులో ఒక్క రోజు కూడా ‘భారీ’ కిందికి రాదు. ఆ నీళ్లు మాత్రం నల్లరేగడిలోనే నిలుస్తాయి. చేను జాలు పడుతుంది. వేరుకు గాలి ఆడదు. ముందు ఆకు ఎర్రబారుతుంది, తర్వాత గూడ (మొగ్గ), పూత రాలిపోతాయి. అలాంటి చేలో పత్తి మొక్కను రెండు వేళ్లతో పట్టి లాగితే చాలు, చేతికి వచ్చేస్తుంది. వేరు నల్లగా మారి, పైతోలు ఊడి, మురుగు వాసన కొడుతుంది. నేల పదునుకు రాక కలుపు తీసే గుంటుక తోలలేం, వేసిన యూరియా నీళ్లతో పోతుంది, గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. ఆ రోజుల్లో కూలికి పిలిచేవాళ్లు ఉండరు, కూలి ఇళ్లలో పొయ్యి వెలగడమే కష్టం. మట్టి గోడల ఇళ్లలో ఉండేవాళ్లకు ఇంకో భయం. గోడ వాన పడ్డ రోజు కూలదు, నాలుగైదు రోజులు నానినాక రాత్రిపూట కూలుతుంది.

కోతల వేళ పట్టిన ముసురైతే చెప్పనక్కర్లేదు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చినప్పుడు మా దిక్కు వడ్లు కల్లాల్లో ఉన్నాయి, పత్తి చేలమీద పగిలి ఉంది. తడిసిన వడ్ల రాశిలోకి చెయ్యి పెడితే లోపల వేడిగా తగులుతుంది, రెండో మూడో రోజుకు తెల్లటి మొలకలు కనిపిస్తాయి. వడ్లకు తేమ 17 శాతం దాటొద్దంటారు. పత్తికి 8 శాతం లోపుంటేనే పూర్తి మద్దతు ధర, 12 దాటితే పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ కొననే కొనదు. ఎండే లేనప్పుడు రైతు ఎక్కడ ఆరబెట్టాలి?

నష్టపరిహారం అడిగితే మొదట అడ్డొచ్చేది నిబంధనే. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో తుపాను, వరద, కరువు, వడగళ్లు, మేఘ విస్ఫోటం, చీడల దాడి వగైరా ఉన్నాయి. ఎడతెగని వాన అందులో లేదు. వరద వచ్చి చేను కొట్టుకుపోతే రాస్తారు, నిలబడి కుళ్లితే రాయరు. పైగా పంటలో 33 శాతానికి పైగా పోయిందని తేలాలి. సర్వేకు వచ్చిన రోజున చేను పచ్చగానే కనబడుతుంది. ‘బాగానే ఉంది కదా’ అని వెళ్లిపోతారు. కాయ కుళ్లి దిగుబడి సగానికి పడిందని తెలిసే నాటికి సర్వే ముగిసి ఉంటుంది. ఇంత చేసి పేరు ఎక్కినా రాష్ట్ర విపత్తు నిధి నుంచి వర్షాధార పంటకు 2022-26 నిబంధనల ప్రకారం వచ్చేది హెక్టారుకు 8,500 రూపాయలు. ఎకరానికి మూడున్నర వేలు కూడా కాదు, అది విత్తనాలకు, ఒక్క విడత ఎరువుకు సరిపోతే గొప్ప.

దీనికి దారి లేకపోలేదు. విపత్తు నిధిలో 10 శాతం దాకా స్థానిక విపత్తులకు వాడుకునే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది. ఒడిశా భారీ వర్షాన్ని, పిడుగును అలాగే చేర్చుకుంది. మన ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షలు ఇస్తామంది. మంచి పని చేసింది. ముసురుకూ అదే చేయాలి.

కొలవడం కష్టమని ఎవరూ అనలేరు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీకి రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. ఏ మండలంలో ఏ రోజు ఎంత కురిసిందో అందులో ఉంటుంది. వరుసగా ఇన్ని రోజులు, మొత్తం ఇన్ని మిల్లీమీటర్లు దాటితే ఆ మండలంలో పత్తికి, మిర్చికి, వరికి సాయం దానంతటదే అందాలి. ఆ అంకె ఎంతో వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పంట దశను బట్టి తేల్చగలరు. ఇది కొత్త ఆలోచనేం కాదు. 2020లో రాష్ట్రం కేంద్ర పంటల బీమా పథకం ఫసల్ బీమా నుంచి బయటికి రాకముందు పత్తికి వాతావరణ ఆధారిత బీమా ఉండేది, అందులో అధిక వర్షాన్ని వర్షమాపకం లెక్కతోనే నిర్ణయించేవారు. అధికారి చేనుగట్టు మీద నిలబడి అంచనా వేయాల్సిన పనే ఉండేది కాదు.

ఆ సాయం పట్టాదారు ఖాతాలో పడి ఊరుకుంటే మాత్రం నాకు సమ్మతం కాదు. మా ఊళ్లో జాలు పట్టిన చేలలో చాలావరకు కౌలుకు తీసుకున్నవే. కౌలు ముందే కట్టి, అప్పు తెచ్చి విత్తినవాడు నష్టపోతే డబ్బు హైదరాబాద్‌లో ఉన్న పట్టాదారుకు చేరుతోంది. పంట ఎవరు వేశారో వ్యవసాయ విస్తరణ అధికారులు ప్రతి వానాకాలం నమోదు చేస్తూనే ఉన్నారు కదా, చెల్లింపుకు ఆ నమోదునే ఆధారం చేసుకోవాలి. వచ్చే జూన్‌లో విత్తనాలు పడకముందే దీనిపై ఉత్తర్వు ఇవ్వాలని వ్యవసాయ, రెవెన్యూ మంత్రులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పత్తి రైతు, ములుగు జిల్లా