షరతులు రాసి చూపించాకే ఓటు అడగాలి

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి రావాలా వద్దా అని జనాన్ని అడిగిన రెఫరెండానికి, అంటే బ్రెగ్జిట్ ఓటుకు, పదేళ్లయిన సందర్భంగా మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. చదువు సంధ్యలు లేని జనం ఆవేశంలో వేసిన ఓటు వల్లే బ్రిటన్ ఇలా అయిందన్నట్టు ఉంది అందులోని ధోరణి. ఇక్కడి మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే మాట తిరుగుతూ ఉంటుంది. నేను చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ జిల్లా బోస్టన్ ప్రాంతంలో డాక్టరుగా పనిచేస్తున్నాను. 2016 జూన్ 23న దేశం మొత్తంలో 'లీవ్'కు (బయటికి రావడానికి) ఎక్కువ శాతం ఓట్లు పడింది ఈ ఊళ్లోనే, 75.6 శాతం. నేను 'రిమైన్'కు (ఈయూలోనే ఉండటానికి) వేశాను. రేపు మళ్లీ అడిగినా దానికే వేస్తాను. అయినా ఆ వ్యాసాన్ని ఒప్పుకోలేకపోతున్నాను. ఈ దేశాన్ని రెండుగా చీల్చింది మా ఊరివాళ్ల తెలివితక్కువతనం కాదు. విడిపోతే ఏ షరతుల మీద విడిపోతామో ఒక్క కాగితం మీద కూడా రాయకుండా జనాన్ని ఓటు అడిగిన పాలకుల తీరు.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. బోస్టన్ చుట్టూ కనుచూపు మేర క్యాబేజీ, కాలీఫ్లవర్, బంగాళాదుంప పొలాలే. 2004లో పోలండ్, లిథువేనియా, లాత్వియా వంటి దేశాలు ఈయూలో చేరినప్పుడు, ఆ కార్మికులను మొదటి రోజు నుంచే స్వేచ్ఛగా పనిచేసుకోనిచ్చిన పాత సభ్యదేశాలు బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ మాత్రమే. ఏడాదికి 13 వేలకు మించి రారని ప్రభుత్వం చేయించిన అంచనా. వచ్చింది లక్షల్లో. 2011 జనగణన నాటికి బోస్టన్‌లో ప్రతి పదిమందిలో ఒకరు ఆ కొత్త సభ్యదేశాల్లో పుట్టినవారే. వాళ్లు కష్టజీవులు, అందులో సందేహం లేదు. తెల్లవారకముందే వ్యాన్లెక్కి పొలాలకూ ప్యాకింగ్ షెడ్లకూ వెళ్లేవారు. కానీ జనం పెరిగినంతగా ఆసుపత్రులు పెరగలేదు, బడులు పెరగలేదు. ఒక్కో ఇంట్లో పదేసి మందిని కుక్కి అద్దెలు గుంజినవాళ్లు బాగుపడ్డారు. జీపీ (స్థానిక డాక్టరు) అపాయింట్‌మెంట్ కోసం పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చునే ముసలివాళ్లకు మాత్రం ఓపిక నశించింది. తమ గోడు ఎవరూ పట్టించుకోలేదన్న కోపం వాళ్లలో ఉంది. ఓటు అడిగినప్పుడు ఆ కోపమే బయటికి వచ్చింది.

జాతి విద్వేషం లేదని నేను అనను. ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో జాతి, మత ద్వేషంతో జరిగిన నేరాలు 2016 జులైలో అంతకు ముందు ఏడాది జులై కంటే 41 శాతం ఎక్కువగా నమోదయ్యాయి. ఓటింగ్‌కు సరిగ్గా వారం ముందు, జూన్ 16న, రిమైన్ తరఫున ప్రచారం చేస్తున్న ఎంపీ జో కాక్స్‌ను సొంత నియోజకవర్గంలోనే ఒక శ్వేతజాత్యహంకార ఉన్మాది నడివీధిలో చంపాడు. ఇద్దరు చిన్నపిల్లల తల్లి ఆమె. మనల్ని విడదీసేవాటి కంటే కలిపేవే ఎక్కువని పార్లమెంటులో తన తొలి ప్రసంగంలోనే చెప్పిన మనిషి. ఆ హత్య గుర్తొస్తే ఇప్పటికీ నా మనసు కుదుటపడదు. అలాగని కోటీ 74 లక్షల మంది లీవ్ ఓటర్లను ఆ హంతకుడి గాటన కట్టేయడం అన్యాయం.

ఓటింగ్ మర్నాడు శుక్రవారం. మా వార్డులో ఏళ్ల తరబడి పనిచేస్తున్న పోలండ్ నర్సు ఒకావిడ టీ రూంలో నిలబడి ఉంది. పిల్లలు ఇక్కడే పుట్టారు, పన్నులు ఇక్కడే కడుతోంది, కానీ ఆమెకు ఓటు లేదు. భారత పాస్‌పోర్టు ఉన్న నాకు ఉంది! ఆ రెఫరెండంలో ఇక్కడ నివసించే కామన్వెల్త్ పౌరులకు ఓటిచ్చారు. ఈయూ పౌరుల్లో మాత్రం ఐర్లాండ్, మాల్టా, సైప్రస్ వాళ్లకు తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆమెతో కలిసి పనిచేసే స్థానిక అసిస్టెంటు దగ్గరికి వచ్చి, "నిన్ను పొమ్మని వేయలేదమ్మా, నీ గురించి కాదు" అంటూ భుజం మీద చెయ్యి వేయబోయింది. నర్సు పక్కకు జరిగింది. అప్పటిదాకా ఒకరి పిల్లలను ఒకరు చూసుకున్నవాళ్లు వాళ్లిద్దరూ. ఆ తర్వాత డ్యూటీ మాటలు తప్ప వాళ్ల మధ్య మరో మాట నేను వినలేదు. బ్రెగ్జిట్ తర్వాత ఈ దేశంలో ఉండటానికి ఈయూ పౌరులకు ఇచ్చే 'సెటిల్డ్ స్టేటస్' అనే నివాస హక్కు కోసం దరఖాస్తు చేసుకున్న 50 లక్షల మందికి పైగా జనంలో ఆ నర్సు కూడా ఒకరు.

ఆ అసిస్టెంటు అబద్ధం చెప్పలేదు. ఆమె దృష్టిలో లీవ్ అంటే ఒకటి, పొలం యజమాని దృష్టిలో మరొకటి, లండన్‌లోని ఫైనాన్స్ కంపెనీల పెద్దల్లో లీవ్ వైపు ఉన్నవాళ్లకు ఇంకొకటి. ఈయూ ఉమ్మడి మార్కెట్‌లో ఉంటామా? కస్టమ్స్ యూనియన్‌లో (తమలో తమకు సుంకాలు లేని కూటమిలో) ఉంటామా? బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లాండ్‌కూ, ఈయూలోనే ఉండే ఐర్లాండ్‌కూ మధ్య సరిహద్దు ఏమవుతుంది? బ్యాలెట్ మీద ఇవేవీ లేవు, ఉండాలా వెళ్లాలా అన్నదొక్కటే ఉంది. రిమైన్‌కు వేయమంటూ దాదాపు 90 లక్షల పౌండ్ల ఖర్చుతో ఇంటింటికీ కరపత్రం పంపిన ప్రభుత్వం, లీవ్ గెలిస్తే ఏం చేస్తుందో మాత్రం ముందుగా ఒక ప్రణాళిక వేసుకోలేదు. ఓటింగ్ మర్నాడే ప్రధాని కామెరాన్ రాజీనామా ప్రకటించారు. తర్వాత ప్రధానిగా వచ్చిన థెరెసా మే "బ్రెగ్జిట్ అంటే బ్రెగ్జిటే" అన్నారు. రెండున్నరేళ్లు తిప్పలు పడి తెచ్చిన ఒప్పందం 2019 జనవరిలో పార్లమెంటులో 432-202 ఓట్ల తేడాతో ఓడిపోయింది. అదే ఏడాది మార్చి 27న ఎంపీలు ఎనిమిది ప్రత్యామ్నాయాల మీద ఓటేస్తే ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. ఎవరికి వాళ్లు తమకు తోచిన అర్థమే ప్రజాతీర్పు అన్నారు, కాదన్నవాడిని ద్రోహి అన్నారు. విడిపోయే ప్రక్రియ మొదలుపెట్టాలంటే చట్టప్రకారం పార్లమెంటు అనుమతి కావాలని తీర్పిచ్చిన ముగ్గురు జడ్జీల ఫొటోలు వేసి 'ప్రజాశత్రువులు' అని పతాక శీర్షిక పెట్టింది ఇక్కడి ఒక పెద్ద పత్రిక. అవతలి వైపు చదువుకున్నవాళ్లేమో మా ఊరివాళ్లను మూర్ఖులన్నారు.

ఉమ్మడి కుటుంబం వేరుపడేటప్పుడు కూడా పెద్దమనుషులు కూర్చుని, ఏ చెక్క ఎవరికో కాగితం రాశాకే సంతకాలు అడుగుతారు. అంత రాసుకున్నా పేచీలు వస్తాయి. 2014లో మన రాష్ట్ర విభజన రెఫరెండంతో కాదు, పార్లమెంటు చట్టంతో జరిగింది. అయినా ఆ చట్టంలోని 9, 10 షెడ్యూళ్లలో ఉన్న సంస్థల పంపకం ఏళ్ల తరబడి నానిన సంగతి మీ పాఠకులకు తెలిసిందే. ఇక్కడ అసలు రాతే లేదు.

సరిగ్గా అడగడం ఈ దేశానికి చేతకాక కాదు. 1998లో ఉత్తర ఐర్లాండ్‌లో హింసకు ముగింపు పలికే గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం కుదిరింది. మూడు దశాబ్దాల పాటు 3,500 మందికి పైగా చనిపోయిన చోట, ఒప్పందం పూర్తి పాఠాన్ని పుస్తకంగా అచ్చేసి ప్రతి ఇంటికీ పంపారు. మే 22న ఓటు పెట్టారు. 71 శాతం అవునన్నారు. దేనికి అవునంటున్నారో వాళ్ల చేతిలోనే ఉంది. అదే ఉత్తర ఐర్లాండ్ 2016లో 55.8 శాతం రిమైన్‌కు వేసినా బయటికి రావాల్సి వచ్చింది. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ నుంచి అక్కడికి వచ్చే సరుకుల తనిఖీల గొడవ మీద అక్కడి అసెంబ్లీ, ప్రభుత్వం 2022 నుంచి 2024 దాకా రెండేళ్లు స్తంభించిపోయాయి.

లీవ్‌కు దేశం మొత్తంలో వచ్చిన 51.9 శాతం చాలదు, 60 శాతం రావాలని నిబంధన పెట్టాలని కొందరంటారు. నాకది నచ్చదు. 1979లో స్కాట్లండ్ అసెంబ్లీ కోసం పెట్టిన ఓటులో 51.6 శాతం అవునన్నా, మొత్తం ఓటర్లలో 40 శాతం రాలేదని పక్కన పెట్టేశారు. గెలిచి కూడా ఓడామన్న బాధ చాలాకాలం పోలేదు.

మనవాళ్లకు ఒక మాట. యూరప్ వాళ్లు తగ్గితే మనకు వీసాలు పెరుగుతాయని 2016లో లీవ్‌కు వేసిన తెలుగువాళ్లు నాకు తెలుసు. 2021 తర్వాత వీసాలు నిజంగానే పెరిగాయి, నర్సులుగా, కేర్ వర్కర్లుగా, స్టూడెంట్లుగా వేలమంది వచ్చారు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస (వచ్చినవాళ్లలోంచి వెళ్లినవాళ్లను తీసేస్తే) 9 లక్షలు దాటింది. ఆనాడు పోలండ్ వాళ్ల మీద చూపిన కోపమే ఇవాళ మన మీదికి మళ్లింది. ఈ చీలికలో మనం ప్రేక్షకులం కాదు.

పోయినదాన్ని తవ్వుకోవడానికి ఈ లేఖ రాయడం లేదు. మళ్లీ ఈయూలో చేరాలన్న డిమాండ్ ఉంది, స్కాట్లండ్ స్వాతంత్ర్యం మీద రెండో ఓటు అడుగుతోంది, ఐర్లాండ్ ఏకీకరణ మీద ఓటుకు 1998 ఒప్పందంలోనే వీలుంది. యూకేలో వీసా మీద ఉన్న భారత పౌరులకు కూడా పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కుంది. కొత్తగా వచ్చిన స్టూడెంట్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు. ఇక్కడున్న మీ పిల్లలను వెంటనే పేరు నమోదు చేసుకోమనండి. ఓటు కోసం వచ్చే ప్రతి అభ్యర్థినీ ఇలా అడగమనండి: ఈసారి రెఫరెండం పెడితే, షరతులన్నీ అచ్చేసి ఇంటింటికీ పంపాకే పెడతారా, లేదా?

— ఒక తెలుగు డాక్టర్,
బోస్టన్, లింకన్‌షైర్