ఓటరు ఇంటికి ముందు పుస్తకం రావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మద్య నిషేధం లాంటి పెద్ద విషయాలను శాసనసభకు వదిలేయకుండా, అమెరికా రాష్ట్రాల్లో మాదిరిగా ఎన్నికల రోజునే జనాన్ని అవునా కాదా అని అడిగేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని ఈమధ్య మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ణి. 2022లో కాలిఫోర్నియాలో ఆ తంతు దగ్గరుండి చూశాక నా అభిప్రాయం కొంత మారింది. అందుకే ఈ ఉత్తరం.

ఆ ఏడాది దసరా రోజుల్లో సన్నీవేల్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. నవంబరు 8న అక్కడ మధ్యంతర ఎన్నికలు. మధ్యంతరం అంటే మన దగ్గరలా ప్రభుత్వం పడిపోతే వచ్చేవి కావు. అధ్యక్షుడి నాలుగేళ్ల పదవీకాలం సగానికి వచ్చేసరికి, పంచాంగంలో రాసిపెట్టినట్టు వచ్చేవి. నెల ముందే కొడుక్కీ కోడలికీ పోస్టులో చెరో బ్యాలట్ కవరు వచ్చింది. అక్కడ నమోదైన ప్రతి ఓటరుకూ ఇంటికే పంపుతారు. సంతకం చేసి తిప్పి పంపితే, కవరు మీది సంతకాన్ని రికార్డులో ఉన్నదానితో పోల్చి చూస్తారు.

నేను ముప్పై ఏళ్లు హిందీ పండిట్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎన్నికల డ్యూటీలు లెక్కలేనన్ని చేశాను. ఓటు వేసే చోటికి ఎవరైనా తొంగి చూస్తే కసిరిన వాణ్ణి. అలాంటిది డైనింగ్ టేబుల్ మీద బ్యాలట్ పరుచుకుని, పప్పన్నం తింటూ మొగుడూ పెళ్లాం వాదించుకుంటుంటే నాకు మొదట ప్రాణం ఒప్పలేదు. నాకెలాగూ ఓటు లేదు కనుక చూస్తూ కూర్చున్నాను.

ఎంత పొడవు బ్యాలటండీ అది! గవర్నరు, లెఫ్టినెంట్ గవర్నరు, అటార్నీ జనరల్, ట్రెజరర్, కంట్రోలర్, బీమా కమిషనర్, బడుల సూపరింటెండెంట్... మన దగ్గర ఐఏఎస్ అధికారిని వేసే కుర్చీలకు కూడా అక్కడ ఓటే. అలెక్స్ పడియా అనే సెనేటరు పేరు రెండుసార్లు కనిపిస్తే అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదట. కమలా హారిస్ ఉపాధ్యక్షురాలు కావడంతో ఖాళీ అయిన ఆమె సెనేట్ సీటులో ఆయన్ని నియమించారు. ఆ పాత గడువులో మిగిలిన కొద్ది వారాలకు ఒక ఓటు, రాబోయే ఆరేళ్లకు ఇంకో ఓటు. రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురిని కొనసాగించాలా వద్దా అని కూడా అడిగారు. ఇదేదో లాంఛనం అనుకోకండి. 1986లో రోజ్ బర్డ్ అనే ప్రధాన న్యాయమూర్తినీ, ఇంకో ఇద్దరినీ జనం ఓటుతోనే ఇంటికి పంపారు. మరణశిక్షల విషయంలో వాళ్ల తీర్పులు జనానికి నచ్చలేదు.

ఇక చివరన ప్రపోజిషన్లు, అంటే జనమే అవునా కాదా అని తేల్చాల్సిన ప్రశ్నలు. ఆసారి ఏడు. మీ పాఠకుడు కోరుకునేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

వాటిలో 31 నంబరుది చూడండి. రుచులు కలిపిన పొగాకు ఉత్పత్తులు చాలావాటి అమ్మకాన్ని నిషేధిస్తూ 2020లోనే చట్టం చేశారు. పొగాకు కంపెనీలు సంతకాలు పోగుచేసి, జనం తేల్చేదాకా ఆ చట్టం అమలు కాకుండా ఆపించాయి. అలా దాదాపు రెండేళ్లు గడిచింది. ఇప్పుడు అవును అంటే చట్టం ఉండాలని, కాదు అంటే పోవాలని అర్థం. మా కోడలు ఆ పొగాకు వద్దనుకునే మనిషే. వద్దు కదా అని కాదు మీద గడి నింపబోయింది. చదువుకున్న పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చివరికి 63 శాతం మంది అవును అనడంతో చట్టం నిలిచిందనుకోండి. కానీ ఆ రెండేళ్ల అమ్మకాలు కంపెనీలకు దక్కినట్టే కదా!

26, 27 క్రీడల మీద పందేలకు సంబంధించినవి. మొదటిది ఆదివాసీ తెగల క్యాసినోల్లోనూ గుర్రప్పందేల మైదానాల్లోనూ పందేలు కాయనివ్వాలని. రెండోది ఫోన్లోనే కాయనివ్వాలని. దాని వెనక డ్రాఫ్ట్‌కింగ్స్, ఫ్యాన్‌డ్యూయెల్ లాంటి ఆన్‌లైన్ పందేల కంపెనీలు ఉన్నాయి. టీవీలో మాత్రం అది పందేల గురించి అని చప్పున తెలిసేది కాదు. పందేల మీద వచ్చే పన్నుతో ఇళ్లు లేనివాళ్లకు ఇళ్లు అని ప్రకటన. సూపర్‌మార్కెట్ బయట సంతకం అడిగిన కుర్రాడు కూడా అదే మాట చెప్పాడని మా వాడు అన్నాడు. ఆ కుర్రాళ్లకు సంతకానికి ఇంత అని డబ్బు ముడుతుంది. రాజ్యాంగాన్ని సవరించే ప్రపోజిషన్‌కు ఆ ఏడాది 9,97,139 సంతకాలు కావాలి. ఊరికే తిరిగి అన్ని పోగుచేయగల మామూలు మనిషి ఎవరున్నారు? ఈ రెండింటి మీద అన్ని పక్షాలూ కలిపి ఖర్చు చేసింది 45 కోట్ల డాలర్ల పైమాటే. అప్పటి రేటులో మూడున్నర వేల కోట్ల రూపాయలకు ఎక్కువే. ఒకరినొకరు టీవీలో తిట్టుకుని రెండూ మునిగాయి. ఫోన్ పందేలకైతే నూటికి ఎనభైమందికి పైగా కాదు అన్నారు.

29వది కిడ్నీ రోగులకు డయాలసిస్ చేసే కేంద్రాలది. ఆసుపత్రి సిబ్బంది యూనియన్‌కూ డయాలసిస్ కంపెనీలకూ పడదు. ఆ తగాదాను 2018లో 8వ నంబరుగా, 2020లో 23వ నంబరుగా, 2022లో 29వ నంబరుగా జనం ముందుకు తెచ్చారు. మూడుసార్లూ ఓడిపోయింది. మూడుసార్లూ టీవీ నిండా కిడ్నీ రోగుల ముఖాలే. ఇది జనాభిప్రాయం ఎలా అవుతుందో నాకైతే అర్థం కాలేదు.

అయితే ఒకటి చెప్పాలి. ఈ పద్ధతి పుట్టిందే డబ్బున్నవాళ్లకు కళ్లెం వేయడానికి. వంద ఏళ్ల కిందట సదరన్ పసిఫిక్ అనే రైలు కంపెనీ ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని గుప్పిట్లో పెట్టుకుంటే, హైరమ్ జాన్సన్ అనే గవర్నరు 1911లో ఈ హక్కు తెచ్చారు. మేలూ జరిగింది. బీమా కమిషనర్‌ని జనమే ఎన్నుకోవడం 1988లో వచ్చిన 103వ ప్రపోజిషన్ పుణ్యమే. 2022లో బడుల్లో సంగీతం, చిత్రలేఖనాలకు నిధులిచ్చే 28 కూడా నెగ్గింది. కానీ 1978 నాటి 13వ ప్రపోజిషన్ సంగతి వినండి. ఇల్లు కొన్న ధర మీద ఒక శాతం పన్ను, ఆ విలువను ఏటా రెండు శాతానికి మించి పెంచకూడదు. ముసలివాళ్లకు అది వరమే. ఫలితంగా మా అబ్బాయి వీధిలో ఒకే నమూనా ఇళ్లు రెండు పక్కపక్కన ఉంటే, ఎప్పుడో కొన్నాయన కట్టే పన్నుకు ఎన్నో రెట్లు నిన్నగాక మొన్న కొన్నవాడు కడుతున్నాడు. ఒక్క అవును అన్న మాట, నలభై ఏళ్లు దాటినా అలాగే ఉంది.

నాకు అసూయ కలిగించింది ప్రపోజిషన్లు కాదండీ, వాటికన్నా ముందు ఇంటికి వచ్చిన పుస్తకం. రాష్ట్ర ప్రభుత్వమే అచ్చువేసి ఓటరు ఉన్న ప్రతి ఇంటికీ పంపుతుంది. ఒక్కో ప్రశ్నకు, అవును అంటే ఏమవుతుంది, కాదు అంటే ఏమవుతుంది అని ముందు రెండు ముక్కల్లో ఉంటుంది. తర్వాత ఏ పార్టీకీ చెందని ఆర్థిక విశ్లేషకుల కార్యాలయం వేసిన ఖర్చు లెక్క. తర్వాత అనుకూలుర వాదన, దానికి ఎదుటివాళ్ల జవాబు, వ్యతిరేకుల వాదన, దానికి మళ్లీ జవాబు. వాదనల పేజీ అడుగున, ఇవి రాసినవాళ్ల అభిప్రాయాలే, నిజానిజాలను ఏ ప్రభుత్వ సంస్థా సరిచూడలేదు అని హెచ్చరిక. ఆఖర్న చట్టం పూర్తి పాఠం, తీసేసే మాటల మీద గీత కొట్టి, చేర్చేవాటిని వాలు అక్షరాల్లో. మా కోడలు చెయ్యి ఆగింది ఆ పుస్తకం చూసే. హిందీలో కూడా దొరుకుతుందని తెలిసి మా వాడు ఫోన్ చేస్తే ఉచితంగా పోస్టులో వచ్చింది. నాలుగు రోజులు నేను చదివింది అదే. అనువాదంలో రెండు మూడు చోట్ల వ్యాకరణం తప్పింది. పండిట్ బుద్ధి, పోదు.

మన దగ్గర ఓటరుకు ఏం వస్తుంది? ఒక చిట్టీ. అందులో మన పేరు, వరుస సంఖ్య, పోలింగ్ కేంద్రం ఉంటాయి. నిలబడినవాళ్లు ఎవరన్నది ఉండదు. సుప్రీంకోర్టు 2002లో చెప్పినందువల్ల అభ్యర్థులు తమ కేసులు, ఆస్తులు, చదువు అఫిడవిట్‌లో రాసి ఇస్తున్నారు. అవి ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటాయి. మా వీధిలో వెబ్‌సైట్ తెరిచి అవి చదివినవాళ్లను నేను ఒక్కరినీ చూడలేదు. అదే సమాచారం, ఒక్కో అభ్యర్థికి ఒక పేజీ, తన నియోజకవర్గంలో ఏం చేస్తానో ఆయన సొంత మాటల్లో ఒక పేరా, తెలుగులో అచ్చువేసి ఆ చిట్టీతోపాటే బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి) చేత ఇంటికి పంపడం అంత కష్టమా? ఎన్నికల సంఘం ఏదైనా ఒక నియోజకవర్గంలో ప్రయోగంగా చేసి చూడవచ్చు. ఒకటి రెండు ఉప ఎన్నికల్లో చేసినా చాలు.

మద్యం ఓటు సంగతి తర్వాత చూద్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించడానికి ఏ బ్యాలట్ కోసమూ ఆగలేదు. ఇవాళ మద్యం మీద అవునా కాదా అని అడిగితే టీవీ ప్రకటనలకు ఎవరు డబ్బు పెడతారో మీ పాఠకుడు ఊహించగలరు.

2026 నవంబరు 3న కాలిఫోర్నియాలో మళ్లీ మధ్యంతర ఎన్నికలు. కొత్త పుస్తకం రాగానే ఒకటి తీసి ఉంచమని మా అబ్బాయికి చెప్పాను. 2022 నాటి హిందీ ప్రతి నా దగ్గరే ఉంది. మీ కార్యాలయంలో ఎవరైనా చూస్తామంటే పోస్టులో పంపుతాను. చూశాక తిరిగి పంపాలి సుమా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హిందీ పండిట్,
తెనాలి