కెమెరా లోన్ కంటే ముందు మైకు సంగతి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో లైవ్ వీడియోలు తీస్తూ సొంత ఊళ్లోనే బతుకుతున్న కుర్రాళ్ల గురించి రాశారు, సంతోషం. కాకపోతే అందులో సగానికి సగం కెమెరాల గొడవే ఉంది. 4కె అట, ఫుల్ ఫ్రేమ్ అట, ఫలానా లెన్స్ అట. అది చదివి మా వీధిలో అబ్బాయి ఒకడు మర్నాడే వచ్చి "అన్నా, లోన్ పెట్టి కెమెరా తీసుకుంటాండా, ఏది తీసుకోమంటావు?" అన్నాడు. మరి మైకు ఏముందిరా అంటే "కెమెరాలోనే వస్తుంది కదన్నా" అన్నాడు. ఈ ఉత్తరం వాడి కోసమే అనుకోండి. వాడిలాంటివాళ్లు తిరుపతిలో, చిత్తూరులో చాలామందే ఉన్నారు.

నేను 12 ఏళ్లుగా పెళ్లిళ్లు, జాతరలు, భారతాలు తీస్తున్నా. మొదట్లో నేనూ వాడిలాగే చేశా. చంద్రగిరి దగ్గర ఒక ఊళ్లో భారతం జరుగుతోంది. భారతమంటే మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: 18 రోజులు, మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం, ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం గుండం తొక్కడం. అర్జునుడు తపస్సు మాను ఎక్కేరోజు లైవ్ పెట్టమన్నారు ఊరివాళ్లు, బెంగళూరులోనూ అమెరికాలోనూ ఉన్న వాళ్ల పిల్లలు చూస్తారని. కెమెరా కొత్తది, బొమ్మ అద్దంలా ఉంది. అర్జునుడి వేషం కట్టినాయన మాను ఎక్కుతూ పద్యాలు పాడుతున్నాడు, పైనుంచి విభూది, నిమ్మకాయలు విసురుతున్నాడు, కింద ఆడవాళ్లు కొంగులు పట్టుకుని నిలబడ్డారు. లైవ్‌లో జనానికి వినిపించిందేమో జనరేటర్ చప్పుడు, నా పక్కన నిలబడిన పెద్దాయన దగ్గు. గంటసేపు ఫోన్లే ఫోన్లు, పద్యం వినపడలేదు నాయనా అని. బొమ్మ బాగుందని ఒక్కరూ అనలేదు.

ఆ రాత్రి నేను చేయాల్సింది చాలా చిన్న పని. మైక్ సెట్ అతని మిక్సర్లోంచి, అంటే మైకులన్నిటి సౌండూ కలిపే డబ్బాలోంచి, ఒక లైన్ తీసుకోవడం, అంతే. అయితే ఆ వైరు తెచ్చి నేరుగా కెమెరా మైక్ సాకెట్‌లో గుచ్చితే కూడా పని చెడుతుంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మిక్సర్ నుంచి వచ్చేది లైన్ లెవెల్, కెమెరా సాకెట్ ఎదురుచూసేది మైక్ లెవెల్. రెండోది మొదటిదానికంటే ఎన్నో రెట్లు సన్నం. కాబట్టి మాటంతా పగిలి గరగరమంటుంది, తర్వాత ఎడిటింగ్‌లో ఎంత తగ్గించినా పగిలింది అతకదు. కెమెరా మెనూలో లైన్ ఇన్‌పుట్ అని ఉంటే అది పెట్టండి, లేకపోతే మధ్యలో అటెన్యుయేటర్, అంటే సిగ్నల్ జోరు తగ్గించేది, ఉన్న వైరు వాడండి. ఇంకోటి, మైక్ సెట్‌కి జనరేటర్ కరెంటు, మనకు పక్కింటి కరెంటు అయితే "గుయ్" మని ఒక హమ్ మొదలవుతుంది. దానికి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అని అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా ఉంటుంది, లైన్ మధ్యలో పెడితే హమ్ పోతుంది. కెమెరా ధరతో పోలిస్తే ఇవన్నీ చిల్లర కిందే లెక్క. మిక్సర్ లైన్ ఒక్కటే తీసుకున్నా చాలదు, మైకుల్లో పడిందే వస్తుంది, గోవింద కొట్టే జనం, తప్పెట్లు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటాయి. అందుకని ఒక చానల్లో మిక్సర్, రెండో చానల్లో కెమెరా మీద పెట్టిన మైకు. రెండూ కలుపుకుంటేనే జాతర జాతరలా వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినడం మాత్రం మానొద్దు, కెమెరాలో సౌండ్ మీటర్ కదులుతోంది కదా అని ఊరుకుంటే హమ్ కూడా మీటర్ని కదిలిస్తుంది.

తర్వాత కరెంటు. తిరుచానూరు దగ్గర ఒక కల్యాణ మండపంలో, పేరు ఎందుకులెండి, సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే నిమిషంలో కరెంటు పోయింది. జనరేటర్ పది సెకన్లలో అందుకుంది. కెమెరాకు బ్యాటరీ ఉంది, ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, మధ్యలో రౌటర్ ఆగిపోయింది. అది మళ్లీ లేచి నెట్ పట్టుకునేసరికి మూడు నిమిషాలు, ముహూర్తం అయిపోయింది, పెళ్లికూతురు మేనమామ దుబాయ్ నుంచి ఖాళీ స్క్రీన్ చూశాడు. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ ఆ మర్నాడే కొన్నా.

వీడియో మెరుస్తోందని, గీతలు పారుతున్నాయని కూడా అడుగుతుంటారు. యూట్యూబ్‌లో అమెరికావాళ్లు సెకనుకు 30 ఫ్రేములు పెట్టండి, 60 పెట్టండి అని చెబుతారు, వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి వాళ్లకు సరిపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. మనం 25 గానీ 50 గానీ ఫ్రేములు పెట్టుకుని, షట్టర్ స్పీడు 1/50 లేదా 1/100 సెకనులో ఉంచుకుంటే ట్యూబ్ లైట్ల మెరుపు ఆగుతుంది. చవక ఎల్ఈడీ సీరియల్ సెట్లు కొన్ని మాత్రం ఈ లెక్కకు లొంగవు, అక్కడికక్కడ షట్టర్ అటూ ఇటూ తిప్పి చూసుకోవాల్సిందే.

నెట్ సంగతికొస్తే, తిరుపతిలో తాతయ్యగుంట గంగజాతరప్పుడు ఆ వీధుల్లో ఫోన్ తీసి చూడండి, టవర్ గీతలన్నీ ఉంటాయి, మెసేజ్ పోదు. పొద్దున ఏడింటికి ఖాళీ వీధిలో స్పీడ్ చూసుకుని ధైర్యంగా ఉంటే సాయంత్రం మునుగుతారు. చూసుకోవాల్సింది అప్‌లోడ్, అదీ జనం ఉన్న వేళకు, కనీసం ముందురోజు సాయంత్రం. నా పద్ధతి ఏమిటంటే దగ్గర్లో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇల్లు వెతికి, ఆ ఇంటి పెద్దావిడను బతిమాలుకుని లాన్ కేబుల్ లాగుతా. లాన్ వైరు 100 మీటర్ల దాకా ఢోకా లేదు. అది కుదరకపోతే వేరు వేరు కంపెనీల సిమ్‌లు రెండు దగ్గర పెట్టుకోవాలి. చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్లోనే చూస్తారు, 720పీలో 3 ఎంబీపీఎస్‌తో నిలకడగా పంపితే చాలు. 1080పీ అని పంతం పట్టి మధ్యమధ్యలో ఆగిపోతే తిట్లు మనకే. డేటా లెక్క కూడా వేసుకోండి, 3 ఎంబీపీఎస్ అంటే గంటకు దాదాపు 1.35 జీబీ, నాటకం తెల్లార్లూ నడుస్తుంది. లైవ్ ఎలా పోతున్నా కార్డులో రికార్డింగ్ ఆపకూడదు. 100 ఎంబీపీఎస్‌లో తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. కార్డు కొనగానే ఒకసారి పూర్తిగా నింపి తిరిగి చదివించి చూడండి, 128 అని రాసి ఉండి లోపల 32 కూడా లేనివి బజార్లో తిరుగుతున్నాయి.

రెండు మూడు కెమెరాలు పెట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే స్విచర్ మోజు కూడా కొంచెం ఆపుకోవాలి. లైవ్ పంపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్, కెమెరా బొమ్మను అందులోకి తెచ్చే ఒక క్యాప్చర్ కార్డు ఉంటే మొదటి ఏడాది గడిచిపోతుంది. హెచ్‌డీఎంఐ వైరు 10 మీటర్లు దాటితే బొమ్మ ఎప్పుడు పోతుందో చెప్పలేం, స్టేజీకి దూరంగా పెట్టాలంటే ఎక్కువ దూరం బొమ్మ మోసే ఎస్‌డీఐ వైరుకు మారాలి, ఆ ఖర్చు అప్పుడు చూసుకోవచ్చు. పాత కెమెరాలు కొన్ని 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు అది ముందే అడగాలి. డ్రోన్ గురించి అడగొద్దు. తిరుమల మీద ఎగరేయడం నిషేధం, రేణిగుంట ఎయిర్‌పోర్టు చుట్టూ ఆంక్షలున్నాయి, ఎగరేసి స్టేషన్ మెట్లు ఎక్కిన పిల్లలను చూశా.

ఎడిటర్ గారూ, మీ టెక్నాలజీ పేజీలో ఈసారి కెమెరా పక్కనపెట్టి సౌండ్ గురించి ఒక్క వారం రాయించండి. మన మైక్ సెట్ వాళ్లతో మాట్లాడించినా చాలు, వాళ్ల దగ్గర మా కంటే ఎక్కువ సరుకుంది.

మా వీధి అబ్బాయి లోన్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టలేదు. ఈ ఆదివారం శ్రీకాళహస్తిలో ఒక పెళ్లి ఉంది, కేబుళ్లు చుట్టడానికి రమ్మన్నా, వస్తానన్నాడు.

ఇట్లు,
ఓ వీడియోగ్రాఫర్,
తిరుపతి