మా బడిలో శనివారాలు

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. బడిలో శనివారం క్లబ్బుల పనితో ఊపిరి సలపలేదురా, ఏమీ అనుకోకు. "ఇంత చిన్న బడిలో క్లబ్బులెందుకురా, నాలుగు లెక్కలు చెప్పుకోక" అన్నావు కదా. అదే చెప్తాను, తీరిగ్గా చదువు.

మాది మొత్తం 160 మంది పిల్లలున్న హైస్కూలు. పెద్ద బడుల్లో నాటకానికి పదిమందిని ఏరుకుంటారు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. మా దగ్గర ఏరుకునేంత మందే లేరు. చదరంగం ఆడే అమ్మాయే సైన్స్ క్లబ్బులో నీళ్ల రాకెట్ ఎగరేస్తుంది, నాటకంలో ముసలమ్మ వేషమూ తనదే. ఎవరినీ వెనక బెంచీలో వదిలేయడానికి కుదరదు. చిన్న బడికున్న బలం అదేనని నా గట్టి నమ్మకం.

ఎకో క్లబ్బంటే నాకు కాస్త ఎక్కువ ఇష్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు మా ఆవరణలో చెట్లన్నీ కూకటివేళ్లతో పడిపోయాయి. అప్పటి పిల్లలు నాటిన వేపచెట్టు కిందే ఇప్పుడు చదరంగం బల్ల వేస్తున్నాం. నాటినవాళ్లలో ఒకడు మొన్న వచ్చి, మాను చుట్టూ చేతులేసి చూసుకుని వెళ్లాడు.

ఈ ఏడాది ఎకో క్లబ్బు పిల్లల్ని తాబేళ్ల కోసం బీచికి తీసుకెళ్లాను. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కోటి వందకి అటూఇటూ. కుక్కలు తవ్వేయకుండా అటవీశాఖవాళ్లు ఆ గుడ్లని తెచ్చి, కంచె వేసిన చోట ఇసకలో మళ్లీ పాతిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. ఇసక బాగా వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయని చెప్తే మా ఆరో తరగతివాళ్లు ఒక పట్టాన నమ్మలేదు.

ఎనిమిదిలో ఒక పిల్లాడున్నాడు, జాలరి కుటుంబం. ప్రార్థనలో వార్తలు చదవమంటే గొంతు పెగలదు, చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడిపోతాడు. ఆ తెల్లవారుజామున నేను టార్చి వేసి వెతుకుతుంటే, "సార్, లైటు ఆర్పీయండి, తల్లి బెదిరిపోద్ది" అన్నాడు. కాస్త వెలుగొచ్చాక ఇసక మీద చారలు చూపించాడు. అచ్చం ట్రాక్టరు వెళ్లినట్టున్నాయి. "ఇది ఎక్కిన జాడ, అది దిగిన జాడ సార్. రెక్కలతో ఇసకని ఎనక్కి నెడద్ది కదా, ఎటేపు నెట్టిందో చూస్తే తెలిసిపోద్ది." వాళ్ల తాత చెప్పాడట. పిల్లలంతా వాడి చుట్టూ మూగారు. అటవీశాఖ ఆయన కూడా ఆగి విన్నాడు.

సోమవారం గోడపత్రికకి రెండు పేజీలు రాసిచ్చాడు. ఆ తర్వాతి వారం ప్రార్థనలో తనే చదివాడు. నా కళ్లన్నీ వాడి చేతి మీదే. ఒక్కసారి కూడా గుండీ మీదకి పోలేదురా.

అందరూ ఒప్పుకుంటారని కాదు. "పదో తరగతి పిల్లని నాటకాలకి తిప్పితే మార్కులెవరిస్తారండీ?" అని ఒక తండ్రి నిలదీశాడు. ఆయన టెన్షన్ నాకు అర్థమైంది, పరీక్ష నిజం కదా. డిసెంబరు దాటితే పదోవాళ్లని రిహార్సల్స్‌కి పిలవనని మాటిచ్చాను. అంతకు ముందే మానిపించమంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆ పిల్ల ముసలమ్మ గొంతు నువ్వు వినాలి!

నీ దగ్గర అటక మీదున్న చదరంగం బోర్డులు పంపించు, మాకు రెండే ఉన్నాయి. పంపడం కాదు, నువ్వే పట్టుకురా. తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజు ముందురోజే కబురొస్తుంది, ఫోన్ చేస్తాను. తెల్లారేసరికి బీచిలో ఉండాలి. అవి అరచేతి కన్నా చిన్నవి, చూసుకుని అడుగెయ్యాలి. మా వాడు దారి చూపిస్తాడులే.

నీ
మావ