పక్కపక్కన నిలబడితేనే కనబడిన స్కోరు

చిన్నా,

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ఫైనల్ అయిపోయినా, ప్లేఆఫ్‌లో మీ నోటర్ డేమ్‌కి దక్కని చోటు మయామీకి దక్కిందన్న నీ కోపం చల్లారలేదని నాన్న చెప్పారు. ఇండియానా చేతిలో మయామీ 27-21తో ఓడితే పండగ చేసుకున్నావట కూడా. ఫోన్లో అయితే రెండో వాక్యానికే "అమ్మా, నీకు తెలీదు" అని అడ్డుపడతావు. కాగితం మీద అడ్డుపడలేవు కాబట్టి రాస్తున్నా.

మయామీ మీద నీ కోపం అనవసరం. ఆగస్టు 31న వాళ్ళూరు వెళ్ళి మీరు 27-24తో ఓడారు. సెప్టెంబరులో మీ సొంత మైదానంలోనే టెక్సాస్ ఏ అండ్ ఎమ్ చేతిలో 41-40, ఒక్కటంటే ఒక్క పాయింటు. ఆ తర్వాత వరసగా పది గెలిచారు, కాదన్నదెవరు? కానీ పది గెలుపులు, రెండు ఓటములు, వాళ్ళదీ 10-2, మీదీ 10-2, ఎదురుబొదురు ఆడినప్పుడు గెలిచింది వాళ్ళు. ఇంకేం లెక్కలు కావాలి? చోటు వాళ్ళదే.

నాకు మండేది వేరే చోట. ప్లేఆఫ్‌కి టీమ్‌లని ఎంచే కమిటీ నవంబరు మొదట్లో ర్యాంకింగులు మొదలుపెట్టినప్పుడు మీరు 10, మయామీ 18. డిసెంబరు దాకా ప్రతి మంగళవారం టీవీలో అదే తంతు, మీరు పైన, వాళ్ళు కింద. ఆగస్టు మ్యాచ్ జరగనట్టే నడిచింది. ఆఖరి వారాంతం మీరూ ఆడలేదు, వాళ్ళూ ఆడలేదు. ర్యాంకుల్లో మీ ఇద్దరి మధ్యలో ఉన్న బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) మాత్రం టెక్సాస్ టెక్ చేతిలో ఓడి కిందికి జారింది. దాంతో మీరూ మయామీ పక్కపక్కకొచ్చారట. పక్కపక్కకొచ్చారు కాబట్టి అప్పుడు ఆ మ్యాచ్ చూశారట! మధ్యలో ఒకడు నిలబడితే కనబడని స్కోరు, వాడు తప్పుకోగానే కనబడింది. అదే రోజు అలబామా జార్జియా చేతిలో 28-7తో చిత్తుగా ఓడి కూడా తొమ్మిదో స్థానం నుంచి అంగుళం కదల్లేదు. దీన్ని మా ఊళ్ళో తొండాట అంటారు.

ఆ కమిటీ కూర్చునేది ఎక్కడో కాదు, ఇక్కడే టెక్సాస్‌లో, మన ఇర్వింగ్ పక్కనే, గ్రేప్‌వైన్‌లో. చిన్నప్పుడు క్రిస్మస్‌కి ఐస్ బొమ్మలు చూపించడానికి నిన్ను తీసుకెళ్ళేవాళ్ళం చూడు, ఆ గేలార్డ్ టెక్సన్ హోటల్లో. డిసెంబరులో అటు వెళ్తే నాన్న చెయ్యి హారన్ మీదకి పోతుంది. నేనే ఆపుతుంటాను.

2019 క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ రోజు నాన్న ఎంత గోల చేశారో గుర్తుందా? స్కోర్లు సమం, సూపర్ ఓవరూ సమం, ఆఖరికి బౌండరీలు లెక్కపెట్టి 26-17 అని ఇంగ్లండ్‌కి కప్పు ఇచ్చేశారు. అంత దిక్కుమాలిన రూలు నేనెక్కడా చూడలేదు. అయినా అది టోర్నీ మొదలవకముందే రాసిపెట్టి ఉంది, న్యూజిలాండ్ వాళ్ళకీ తెలుసు. తర్వాత ఐసీసీ దాన్ని తీసిపారేసింది. ఇక్కడ తీసిపారేద్దామన్నా అసలంటూ ఒక రూలు ఉండాలిగా? ఎవరితో ఆడావు, ఎవరిని ఓడించావు, ఎలా కనిపించావు, అన్నీ చూస్తామంటారు. దేనికెంత విలువో మాత్రం ముందు చెప్పరు.

నిజంగా ఏడవాల్సినవాళ్ళు మీరు కాదు. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13-0. నవంబరులో వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించే జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. ఆ తర్వాత అతని బదులు ఫ్లోరిడాని ఒక కుర్రాడితో, లూయివిల్‌ని ఇంకో కుర్రాడితో ఓడించి తమ కాన్ఫరెన్స్ (కాలేజీల గ్రూపు) కప్పు ఎత్తారు. ఒక్కటీ ఓడలేదు. అయినా ట్రావిస్ లేని టీమ్ వేరే టీమన్నారు, ఒక్కో మ్యాచ్ ఓడిన టెక్సాస్‌నీ అలబామానీ లోపలికి పిలిచారు. గెలిచినవాటికి కాదు, రేపు ఓడిపోతారేమోనన్న అనుమానానికి మార్కులేశారు. ఆనక ఆరెంజ్ బౌల్ అనే సీజన్ ఆఖరి మ్యాచ్‌లో జార్జియా చేతిలో 63-3తో ఓడితే "చూశారా, మేం చెప్పలా" అన్నవాళ్ళున్నారు. మనసు విరిగి సగం టీమ్ ఆడకుండా కూర్చున్న మ్యాచ్ అది. అదేం సాక్ష్యం?

2017లో సెంట్రల్ ఫ్లోరిడాదీ 13-0, వాళ్ళనీ ప్లేఆఫ్‌కి పిలవలేదు. ఆ ఏడాది ఫైనల్‌కి వెళ్ళిన అలబామా, జార్జియా రెండింటినీ సీజన్లో ఓడించినది ఆబర్న్. ఆ ఆబర్న్‌ని పీచ్ బౌల్‌లో 34-27తో ఓడించింది సెంట్రల్ ఫ్లోరిడా. మేమే ఛాంపియన్లమని చెప్పుకుని ఊరేగింపు కూడా చేసుకున్నారు. దేశమంతా నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. పై స్థాయి ఫుట్‌బాల్‌కి, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తనంతట తాను ఛాంపియన్‌ని తేల్చదు కదా. 1997లో విలేఖరులు మిషిగన్ అన్నారు, కోచ్‌లు నెబ్రాస్కా అన్నారు, ఇద్దరూ ఛాంపియన్లే అయ్యారు. ఓట్లతో వచ్చే బిరుదే అయినప్పుడు వీళ్ళు తమ ఓటు తాము వేసుకుంటే తప్పేంటి? విచిత్రమేమిటంటే, దీని కింది స్థాయిలో ఎన్‌సీఏఏనే 1978 నుంచి నాకౌట్ పెట్టి ఛాంపియన్‌ని తేలుస్తోంది.

2024లో ప్లేఆఫ్‌కి వెళ్ళే నలుగురిని పన్నెండు మంది చేశారు, అందులో కొన్ని చోట్లు ర్యాంకుతో పనిలేకుండా కాన్ఫరెన్స్ విజేతలకి పోతాయి. తగువు ఐదో వాడి గడప నుంచి పదకొండో వాడి గడపకి మారింది, అంతే. పదహారు చేసినా ఇరవై నాలుగు చేసినా ఆ తర్వాతివాడు అరుస్తాడు. ముందు ఆ మంగళవారం షో ఆపమను. ఒకే రికార్డున్న టీమ్‌లు ఒకదాన్నొకటి ఎదుర్కొని ఉంటే ఆ ఫలితమే ఆఖరని ఆగస్టులోనే రాయమను. అలా రాసుంటే మీరు నవంబరంతా లేని ఆశ పెట్టుకునేవాళ్ళు కాదు.

ఇంకో మాట. ప్లేఆఫ్ దక్కలేదని బౌల్ గేమ్ ఆడబోమని చెప్పి మీవాళ్ళు అలిగి ఇంటికెళ్ళిపోవడం నాకు అస్సలు నచ్చలేదు. ఆఖరి ఏడాది పిల్లలకి ఇంకో మ్యాచ్ ఉండదు కదరా. పైగా ఇక నుంచి ర్యాంకుల్లో మొదటి 12లో ఉంటే చాలు, నోటర్ డేమ్‌కి ప్లేఆఫ్‌లో చోటు ఖాయమట. కాన్ఫరెన్స్‌లో చేరని మీకొక్కరికే ఈ వరం! దీని మీద కూడా నీ ఆవేశం చూడాలనుంది నాకు.

ఈ ఏడాది మయామీ మీ ఊరే వస్తోందిగా. నాకూ నాన్నకీ టికెట్లు చూడు, మరీ పైన వద్దు, నాన్న మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు. అక్కడి చలికి తగ్గ కోట్లు మా దగ్గర లేవు, ఎలాంటివి కొనాలో రాయి.

అమ్మ