ఓడ జాబితాలో ఉన్న ఊరికి ఇక్కడ దారి చూపేవారు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారాలు. నూరు, నూటయాభై ఏళ్ల కిందట కూలి ఒప్పందం మీద ఓడ ఎక్కి సముద్రం దాటిన తెలుగువారి మునిమనవలు, వారి పిల్లలు ఇప్పుడు తమ పెద్దల ఊళ్లను వెతుక్కుంటున్నారు. ఆ వెతుకులాట ఎక్కువగా విశాఖ, గోదావరి, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల వైపు సాగుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవారే అధికులు కాబట్టి అది సహజమే. కానీ నిజాం ఏలుబడిలోని ఊరి పేరు పట్టుకుని వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలకు వచ్చేవారికి చేయూతనిచ్చే ఏర్పాటేదీ నాకు కనిపించలేదు. చరిత్ర అధ్యాపకుడిగా పనిచేసి విరమించిన నా వద్దకు అటువంటి కాగితాల నకళ్లు తెచ్చినవారున్నారు. వారి ఇబ్బందిని దగ్గర నుంచి చూసినవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

సముద్రానికి అవతలి వైపు రికార్డు చాలావరకు భద్రంగానే ఉంది. 1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలో, ఆనాటి నేటాల్ వలసరాజ్యంలోని డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు నేటాల్‌కు వెళ్లిన కూలీలు లక్షా యాభై రెండు వేలకు పైగా ఉన్నారు. వారిలో ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, చివరికి ఒంటి మీది మచ్చలతో సహా ఓడల వారీగా జాబితాలు రాసిపెట్టారు. ఫిజీకి 1879లో మొదలైన ప్రయాణాలు 1916 దాకా సాగాయి. మద్రాసు రేవు నుంచి ఆ దీవులకు ఓడలు వెళ్లడం 1903లో మొదలైంది. ఫిజీ వెళ్లినవారి వలస పాసుల్లో దగ్గరి బంధువు పేరుకు కూడా ఒక గడి ఉంది. మారిషస్‌లో మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థ వలస రికార్డులతో పాటు ఆనాటి కూలీల ఫొటోలను కూడా కాపాడుతోంది. అంత దూరాన ఉన్నవారు అంత శ్రద్ధ తీసుకున్నప్పుడు, ఆ కాగితంలో రాసి ఉన్న ఊరి వాళ్లం మనం చేయవలసింది కొంత ఉన్నదని నా అభిప్రాయం.

అసలు చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆ జాబితాల్లో ఇంటిపేరు ఉండదు. మన పల్లెల్లో మనిషిని గుర్తుపట్టేది ఇంటిపేరుతోనే. తండ్రి మల్లయ్య, కొడుకు ఎల్లయ్య, ఊరు కొత్తపల్లి అని రాసి ఉంటే, ఎన్ని కొత్తపల్లుల్లో ఎందరు ఎల్లయ్యలని వెతకాలి? తాలూకా, జిల్లా పేర్లు ఉంటే దారి దొరకాలి గాని, అవి కూడా ఇప్పటి పటంలో కనిపించవు. 1905లో ఎలగందల జిల్లా కరీంనగర్ అయింది, ఇందూరు జిల్లా నిజామాబాద్ అయింది, ఆదిలాబాద్ జిల్లా ఏర్పడింది. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలోనే ఉంది. 2016లో పది జిల్లాలు ముప్పై ఒకటై, 2019లో ముప్పై మూడుకు చేరాయి. 1890లలో వెళ్లిన మనిషి కాగితంలో ‘ఎలగందల’ అని ఉంటే, ఆ ఊరు నేడు జగిత్యాలలో ఉందో పెద్దపల్లిలో ఉందో రాజన్న సిరిసిల్లలో ఉందో డర్బన్‌లో కూర్చున్నవారు ఎలా తెలుసుకోగలరు? ఇక నిజాంసాగర్, శ్రీరాంసాగర్, దిగువ మానేరు జలాశయాల కింద మునిగిన ఊళ్లవారు ఎక్కడ స్థిరపడ్డారో చెప్పవలసినవారు కూడా ఇక్కడివారే.

మరో విషయం కూడా గమనించాలి. వలస చట్టం బ్రిటిష్ ఇండియాది, హైదరాబాదు వేరే ప్రభుత్వం. ఇక్కడి మనిషి ముందుగా కృష్ణా, గోదావరి తీరానికో మద్రాసుకో చేరి, అక్కడ నమోదై ఓడ ఎక్కాలి. సికింద్రాబాదు నుంచి వచ్చిన రైలుమార్గం 1886లో వరంగల్‌ను, 1889లో బెజవాడను చేరిన తరువాత ఆ దారి మరింత సులభమైంది. అందువల్ల కాగితంలో మచిలీపట్నం అని కనిపించినంత మాత్రాన వెతుకులాటను అక్కడే ఆపవలసిన పని లేదు. పేరు, కులం, గ్రామం కలిపి చూసి, ఇటువైపు కూడా విచారించడం మంచిది. ఓడల రికార్డు హైదరాబాదు తార్నాకలోని మన రాష్ట్ర పత్రాగారంలో, అంటే పాత ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే చోట, ఉంటుందని ఆశపడి వచ్చేవారికి, వలసకు సంబంధించిన ఉత్తర ప్రత్యుత్తరాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పత్రాగారంలో చూడాలని ముందే చెప్పగలిగితే వారికి ఎంతో శ్రమ తగ్గుతుంది.

తార్నాకలోనూ మన జిల్లాల రికార్డు గదుల్లోనూ ఉన్నది వేరే సంపద. సేత్వార్లు అనే పాత భూసర్వే రిజిస్టర్లు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి లెక్కల పుస్తకం, దాని వెంట వచ్చిన సేసల పహాణీ పట్టాదారు పేరును తండ్రి పేరుతో సహా చెబుతాయి. ఓడ ఎక్కినవాడి అన్నదమ్ముల మనవలు ఆ పేజీల్లో దొరికే అవకాశం ఉంది. అయితే పాత కాగితాలు ఉర్దూలో ఉన్నాయి, వాటిని ధారాళంగా చదవగలవారు ఏటికేడు తగ్గిపోతున్నారు. పైగా ఊళ్లోకి వెళ్లి ముత్తాత పేరు అడగగానే, భూమిలో వాటా అడగడానికి వచ్చారేమోనని జనం నోరు మెదపరు. వారిని తప్పుపట్టలేం. సర్వే నంబర్ల తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగినవారికి ఆ భయం ఉండడంలో ఆశ్చర్యం లేదు. వచ్చినవారి వెంట ఊరు నమ్మే పెద్దమనిషి ఒకరు ఉండి, వీరికి కావలసింది చుట్టరికమే గాని చారెడు నేల కూడా కాదని చెప్పగలిగితేనే మాట ముందుకు సాగుతుంది.

భూమి లేని కుటుంబం నుంచి వెళ్లినవారి సంగతి ఏమిటి? పహాణీలో వారి పేరే ఉండదు. వారికోసం వెతకవలసిన చోటు నాకు ఒకటే కనిపిస్తోంది, దాన్ని గురించే ఈ లేఖలో అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నాను. మన ప్రాంతంలో కులానికో ఆశ్రిత కులం ఉంది. పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు ఉన్నారు. వీరు పటాలో బొమ్మలో చూపి కులపురాణం చెప్పడంతో పాటు, తమను పోషించే ఇళ్ల గోత్రాలు, ఇంటిపేర్లు చదివి పొగడుతారు. మిరాశీగా, అంటే వంశపారంపర్య హక్కుగా వచ్చిన ఊళ్లను తరతరాలుగా పంచుకుని తిరిగినవారు కాబట్టి, ఏ ఊళ్లో ఏ ఇంటిపేరువారు ఉండేవారో, ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ అయిందో చెప్పగల ముసలివారు వారిలో ఇంకా ఉన్నారు. ఓడ కాగితం కులాన్నీ ఊరినీ ఇస్తుంది, అది ఇవ్వని ఇంటిపేరు వీరి నోట దొరకవచ్చు. ఈ రెండింటినీ కలిపి చూసే పనిని ఏ కార్యాలయమూ తనదిగా భావించకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తోంది. జానపద కళగా వీరిని వేదికల మీద సన్మానించడం మంచిదే గాని, వారికి తెలిసిన ఊళ్ల, ఇళ్ల వివరాలను కూర్చుని రాసుకోవడం అంతకంటే తొందరగా జరగవలసిన పని.

ఇది కేవలం మనసుకు సంబంధించిన విషయమని కొట్టిపారేయడానికి కూడా వీలులేదు. మారిషస్‌లోని భారత సంతతివారికి ఏడో తరం వరకు విదేశీ భారతీయ పౌర (ఓసీఐ) కార్డు పొందే వీలు కల్పిస్తున్నట్టు 2024 మార్చిలో రాష్ట్రపతి అక్కడే ప్రకటించారు. తాము ఫలానా వారి సంతతి అని చూపగల ఆధారానికి ఇప్పుడు అటువంటి విలువ ఉంది.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. 1905కు ముందున్న జిల్లాలు, తాలూకాల వారీగా ప్రతి గ్రామం పాత పేరు, నేటి పేరు, నేటి మండలం చూపే పట్టికను తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ లిపుల్లో రాష్ట్ర పత్రాగారం తయారు చేయాలి. మునిగిపోయిన ఊళ్లకు పునరావాస గ్రామాల పేర్లు అందులోనే చేర్చాలి. కాకతీయ విశ్వవిద్యాలయ చరిత్ర శాఖ, తెలుగు శాఖ కలిసి విద్యార్థులను ఆశ్రిత కులాల పెద్దల వద్దకు పంపి, వారి అనుమతితో, తగిన పారితోషికం ఇచ్చి, వారు చెప్పినదాన్ని ఊరి వారీగా రికార్డు చేయించాలి. పాఠకుల ఇళ్లలో సముద్రం అవతలి నుంచి వచ్చిన పాత ఉత్తరాలు, మనీయార్డరు రసీదులు, ఫొటోలు ఉంటే పారేయవద్దని నా మనవి. బొంబాయి నుంచి గల్ఫ్‌కు 1982 దాకా నడిచిన ‘ద్వారక’ వంటి ఓడల్లో వెళ్లినవారి పాస్‌పోర్టులు కూడా ఇదే కోవలో దాచదగినవి.

అంతవరకు, ముందుగా వరంగల్, హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల కలెక్టర్లు తమ రికార్డు గదుల్లో ఉర్దూ చదవగల ఒకరిని వారానికి ఒక రోజైనా కూర్చోబెట్టి, విదేశాల నుంచి వచ్చే ఇటువంటి విచారణ దరఖాస్తులను తీసుకుని, రాతపూర్వకంగా జవాబిచ్చే ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
హనుమకొండ